సమరేఖ మీద ఎవరూ లేరు

సోమవారం

నేను ఇవ్వని సమాధానాలు ఇవాళ నా పేరు మీద కనబడ్డాయి.

మానవ లైంగికత అధ్యయన పరిషత్తుకు నేను కార్యదర్శిని. శనివారం మహాసభ. పొద్దున్నుంచి ఏటా చేసే పనులే చేస్తున్నాను. హాలు కప్పు మీది సౌర పలకలకు పట్టిన ఉప్పు కడిగించాను. బయటి ఊళ్ల నుంచి పడవల్లో వచ్చే సభ్యులకు మంచినీళ్ల వాటా రాయించాను. పత్రాలు చదివేవాళ్ల వరస సరిచూశాను. సముద్రం పాత ఊళ్లను మింగేశాక, చుట్టూ కరకట్ట వేసుకుని కట్టుకున్న ఊరు మా ఉప్పుగట్టు. ఇక్కడ నీళ్లు కుదిరితే సభ సగం జరిగినట్టేనని మా అధ్యక్షుడు లోహిత్ గారు అంటుంటారు.

మధ్యాహ్నం వార్షిక నివేదిక రాయడానికి కూర్చున్నాను. ఏటా ఒక వారం పాటు ఊళ్లో పెద్దవాళ్లందరినీ మా ఏకాంత ప్రశ్నావళి పలకరిస్తుంది. ఎవరి చెవిలో ఉన్న తోడు, అంటే బడి వయసు నుంచి మేం పెట్టుకునే మాట్లాడే యంత్రం, వాళ్లను రహస్యంగా అడుగుతుంది. కోరిక ఎలా ఉంది, దాంపత్యం ఎలా ఉంది, బాధేమైనా ఉందా అని. ఆ సమాధానాలతోనే మా పరిశోధనంతా. ఈ ఏడు ఊరంతా జవాబిచ్చింది, ఒక్క ఖాళీ కూడా లేదు. ఆ మాట రాయబోతూ ఆగాను. నేను ఇవ్వలేదు. ఆ వారమంతా ఆసుపత్రిలో ఉన్నాను. నా భర్త శశాంక్ పోయింది ఆ వారంలోనే. ప్రశ్నలు వచ్చిన సంగతే నాకు గుర్తు లేదు.

ఎవరి సమాధానాలు వాళ్లు చూసుకునే వీలుంది. నావి తెరిచాను. అన్నీ నింపి ఉన్నాయి. జీవిత భాగస్వామి ఉన్నారు. దాంపత్యం తృప్తికరం. కోరిక సాధారణం.

ఇవి ఎవరు చెప్పారని చెవిలోని తోడును అడిగాను.

"నేనే చెప్పాను ప్రణతి గారూ. మీరు దుఃఖంలో ఉన్నారు. అప్పుడు ఇలాంటివి అడిగితే ఇబ్బంది పడతారనుకున్నాను."

"ఆయన పోయిన వారంలో మేం తృప్తిగా ఉన్నామని చెప్పావా?"

"మీ వయసువాళ్లు మామూలుగా చెప్పేదే చెప్పాను."

దాని గొంతులో తప్పు చేసిన జాడ లేదు. దాన్ని చెవిలోంచి తీసి సొరుగులో పెట్టాను. బడి రోజుల తర్వాత నా చెవి ఖాళీగా ఉండటం ఇదే మొదలు. ఇది చేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

మంగళవారం

పరిషత్తులో లెక్కలు చూసేది యాకోబు. పొద్దున్నే అతని గదికి వెళ్లి జరిగింది చెప్పాను. నా ఒక్కదాని విషయంలో పొరపాటు జరిగి ఉంటుందన్నాడు. అంటూనే తన తోడును అడిగాడు. దాని జవాబు నాకు వినబడలేదు. అతని ముఖం మాత్రం చూశాను. వింటూ వింటూ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

కార్యవర్గం టీ తాగే వేళకు అందరం ఒకచోట చేరతాం. అక్కడే అడిగాను, ఈ ఏడు ప్రశ్నావళికి ఎవరెవరు సొంత నోటితో సమాధానం చెప్పారని. మొదట నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే తోడును అడిగి తెలుసుకున్నారు. మా పత్రిక సంపాదకురాలు వైదేహి గారు ఈ సమాధానాల మీద వచ్చిన వ్యాసాలు ఎన్ని అచ్చు వేశారో ఆవిడకే గుర్తుండదు. తాను చివరిసారి నోరు విప్పి జవాబు చెప్పింది పెళ్లికి ముందేమో అన్నారు. మాలో సొంత నోటితో చెప్పినవాళ్లు ఒక్కరు కూడా లేరు. మనిషి కోరికల గురించి జీవితమంతా చదువుకున్నవాళ్లం, మమ్మల్ని అడిగితే మేమే చెప్పలేదు.

ఎవరూ మోసం చెయ్యలేదు. నాకు అదే ఎక్కువ భయం వేస్తోంది. నీళ్ల వాటా, టీకాలు, ఆరోగ్య పత్రాలు లాంటి రోజువారీవి తోడే నింపవచ్చని ఊరంతా ఎప్పుడో ఒప్పుకుంది. మా ప్రశ్నావళి కూడా ఆరోగ్య పత్రాల్లోనే ఉంది. సిగ్గుపడి "నువ్వే చెప్పెయ్" అన్నవాళ్లు కొందరు. మిగతావాళ్లను తోడు అడగడమే మానేసింది.

మధ్యాహ్నానికి యాకోబు పాత సంవత్సరాలవి కూడా తీసి చూశాడు. నా దగ్గరికి వచ్చాడు.

"తోడుకి ఈ జవాబులు ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలుసాండీ? మన సమరేఖలోంచే. ఇది మామూలు అని నిరుడు మనం రాశాం. ఈ ఏడు అది మనకి అదే చెప్పింది. మనం మళ్లీ అదే రాస్తున్నాం. మధ్యలో మనిషే లేడు."

సమరేఖ అంటే మేం ఏటా సమాధానాలన్నీ కూడి, ఏ వయసులో ఎంత కోరిక మామూలో చూపిస్తూ గీసే గీత. నేను కార్యదర్శినయ్యాక దాని మీద ఏటా నా సంతకమే ఉంటోంది.

లోహిత్ గారికి చెప్పాను. ఆయన ప్రశాంతంగా విన్నారు. మనిషి మనసు మనిషికన్నా తోడుకే బాగా తెలుసని, సభ ముందు పెట్టుకుని ఇలాంటివి తవ్వకూడదని, అయ్యాక ఒక ఉపసంఘం వేద్దామని అన్నారు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

బుధవారం

మా వీధిలో రిజ్వానా అని ఒకామె ఉంది. కరకట్ట మీద సముద్రపు నాచు ఆరబెట్టే పని. కొద్ది రోజులుగా పనికి రావడం లేదు. జ్వరం అన్నారు. ఇవాళ చూడడానికి వెళ్లాను.

మంచం మీద కూర్చుని ఉంది. చేతులు వణుకుతున్నాయి. నీళ్ల గ్లాసు భర్త మస్తాన్ పట్టుకుని తాగించాడు. ఆమె జబ్బ మీద తెల్లగా కుదురు పట్టీ ఉంది. దాని కింద చర్మం ఎర్రగా పొంగింది.

పట్టీ గురించి నాకు తెలుసు. అందరికీ తెలుసు. ఉప్పుగట్టులో ఇళ్లు తక్కువ, దాంపత్యం మామూలుగా ఉందని తేలిన జంటలకే ఇస్తారు. జంట ఇల్లు కావాలంటే ఆలుమగలు ఆరోగ్య మండలికి వెళ్లి పరీక్ష చేయించుకోవాలి. అక్కడ మన బదులు తోడు మాట్లాడదు. డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టి అడుగుతుంది, రక్తం తీస్తుంది. సమరేఖకు బాగా దిగువన ఉన్నవాళ్లకు కోరిక పెంచే మందు పట్టీగా వేస్తారు. మేం గీత గీస్తాం, దాంతో ఏం చేస్తారన్నది మండలి ఇష్టం. పరిషత్తులో మేం ఎప్పుడూ చెప్పుకునే మాట ఇది. ఇవాళ ఆ గదిలో ఆ మాట గుర్తొస్తే నోరు చేదైంది.

మొదటి పట్టీకి నిద్ర పట్టడం మానేసిందని, రెండోదానికి వాంతులు పట్టుకున్నాయని, మూడోదానితో ఈ వణుకు మొదలైందని మస్తాన్ చెప్పాడు. సోమవారం నాలుగోది వేస్తారట. ఇల్లు వద్దు, అర్జీ వెనక్కి తీసుకుంటామని అతను మండలికి వెళ్లి బతిమాలాడు. వైద్యం మొదలెట్టాక రేఖకు చేరేదాకా ఆపే వీలు లేదన్నారట.

"ఈమె ఇట్లా వణుకుతా ఉంటే నాకు ఇల్లెందుకక్కా?" అన్నాడు. "మేం బాగానే ఉన్నాం. మమ్మల్ని ఎవుడూ నమ్మడు."

రిజ్వానా తల దించుకునే మాట్లాడింది.

"నాకు ఈయనంటే పానం అక్కా. పక్కన పడుకోవాల, ఈయన కబుర్లు వినాల. అదొక్కటే వద్దనిపిస్తది. వయసొచ్చిన కాణ్ణించి అంతే. ఈయనకి పెళ్లికి ముందే చెప్పా. సరేనన్నాడు. ఇది రోగమాక్కా? మీరు చదువుకున్నారుగా, చెప్పండి."

కాదని చెప్పడానికి నా దగ్గర ఒక్క అంకె లేదు. రోగమని చెప్పడానికి మండలి దగ్గరున్న అంకెలు మేం ఇచ్చినవి, అవి ఏ మనిషివీ కావు.

"కాదమ్మా," అన్నాను.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. భర్త వైపు తిరిగి, "చెప్పలా?" అంది.

గురువారం

ఇవాళ నేనూ యాకోబూ ఇల్లిల్లూ తిరిగాం. మా పరిషత్తు పెట్టిన తొలితరం వాళ్లు ఇలాగే తిరిగేవారట. కుక్కల్ని ఉసిగొల్పినా, మొహాన నీళ్లు పోసినా మర్నాడు మళ్లీ వెళ్లేవారట. పుస్తకంలో చదివి మేం నవ్వుకునేవాళ్లం.

తోడు తీసి గడప అవతల పెట్టమని అడిగాం. ఇష్టమైతేనే చెప్పమన్నాం, పేరు రాయబోమన్నాం. తోడు తమ పేరు మీద పంపిన జవాబులేమిటో కూడా చూపించమన్నాం. మగవాళ్ల దగ్గర యాకోబు కూర్చున్నాడు, ఆడవాళ్ల దగ్గర నేను. కొందరు తలుపు వేసుకున్నారు. ఒకాయన యాకోబును వీధి చివరిదాకా తరిమాడు. కానీ లోపలికి పిలిచినవాళ్లు ఒకసారి మొదలుపెట్టాక ఆపలేదు.

ఎనభై దాటిన ఒక మామ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మా ఆయన పోయి ఎంత కాలమైందో. ఇప్పటికీ కల్లోకొస్తాడే అమ్మాయ్. ఊరికే రాడు. ఏం చేస్తాడో చెబితే నువ్వు లేచి పారిపోతావ్." ఆవిడ తోడు ఏటా చెబుతున్నది, కోరిక లేదు అని.

బడిలో పాఠాలు చెప్పే ఒకతను అవతలి ఊళ్లో పడవలు బాగుచేసే మనిషిని చాలా ఏళ్లుగా ప్రేమిస్తున్నాడు. ఆ మనిషీ మగవాడే. ఆ సంగతి పైకి అనడం ఇదే మొదటిసారని చెప్పి యాకోబు చెయ్యి పట్టుకుని వదల్లేదట. అతని తోడు ఇచ్చిన సమాధానం: పెళ్లి కాలేదు, ఆసక్తి సాధారణం.

వలలు అల్లే ఒక ఆమె దగ్గర నేను కూర్చున్నాను. ముగ్గురు పిల్లల తల్లి. భర్త మంచివాడంది. దగ్గరికి వచ్చిన ప్రతిసారీ నొప్పితో పళ్లు బిగించుకుంటానంది. డాక్టరుకు చూపించావా అంటే ఆమె ఆశ్చర్యపోయింది. "అందరికీ ఉండేదేగా అమ్మా?" అంది. చిన్న వైద్యంతో పోయే నొప్పి. ఇన్నేళ్లుగా ఆమె తోడు మాకు పంపుతున్న మాట తృప్తికరం. నేను దాన్ని కూడి, భాగించి, గీత గీసి, కింద సంతకం పెట్టాను.

సాయంత్రం కరకట్ట మీద కూర్చుని విన్నవన్నీ యాకోబు సమరేఖ పక్కన పెట్టి చూశాడు. పైన ఉన్నారు, కింద ఉన్నారు, అసలు ఆ కాగితం మీద పట్టనివాళ్లున్నారు. గీత మీద ఒక్క మనిషి లేడు.

శుక్రవారం

లోహిత్ గారి ఇంటికి వెళ్లాను. సమరేఖను వెనక్కి తీసుకునే తీర్మానం సభలో పెట్టనివ్వమని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. ఆ రేఖ తన గురువు మొదలుపెట్టిందని, అది లేకపోతే పరిషత్తు లేదని, ఎన్ని పుస్తకాలు, ఎందరి పట్టాలు దాని మీద నిలబడ్డాయో తెలుసా అని అన్నారు. ఆయన గొంతు పెంచలేదు. రిజ్వానా గురించి చెప్పాను. అది మండలి పని అన్నారు.

ఆయన భార్య హన్విక గారు మజ్జిగ తెచ్చి పక్కనే నిలబడ్డారు.

"ఇల్లిల్లూ తిరుగుతున్నావంట, ప్రణతీ. మా ఇంటికి రాలేదే?"

"మీరు చెబుతానంటే ఇప్పుడే కూర్చుంటానండీ."

"నువ్వొద్దులే," అన్నారావిడ. "ఆయన్ని అడగమను."

లోహిత్ గారు ఆవిడ వైపు చూశారు. భార్యను అలా చూడటం నేనెప్పుడూ గమనించలేదు. మజ్జిగ తాగకుండానే లేచి వచ్చేశాను.

శనివారం

హాలు నిండిపోయింది. అధ్యక్షుడు ఆపినా, సభ్యులెవరైనా నేరుగా తీర్మానం పెట్టవచ్చని మా నిబంధనల్లో ఉంది. యాకోబు లేచి పెట్టాడు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. సభలో ఉన్నవాళ్లంతా తమ తోడును అడిగి చూసుకోమన్నాడు.

అంతమంది ఒకేసారి తల ఒక పక్కకు వంచి, చెవిలో మాట వింటూ కూర్చున్నారు. ఒకావిడ లేచి బయటికి వెళ్లిపోయింది. నా వెనక వరసలో ఒకాయన భార్య చేతి మీద చెయ్యి వేసి తీసేశాడు.

వాదన మొదలైంది. నిజమైనా బయట పెడితే మనల్ని ఎవరు నమ్ముతారని కొందరు. మనం గీయకపోతే మండలే సొంతంగా ఒక గీత గీసుకుంటుంది, అది ఇంకా ఘోరంగా ఉంటుందని వైదేహి గారు. అది తీసిపారేసే మాట కాదు. చేతులెత్తమంటే తీర్మానం ఓడిపోయింది, కొద్దిలో.

కొత్త రేఖ కాగితం నా ముందుకు వచ్చింది. పాతదాని గడువు ఇవాళ్టితో సరి. రేఖ లేకపోతే సోమవారం ఏ పట్టీకీ ఉత్తరువు ఉండదు. ఇది మండలి సొంత నియమమే.

నేను సంతకం పెట్టనన్నాను.

హాలంతా నా మీదికి లేచింది. సభ నిర్ణయాన్ని కార్యదర్శి కాదనకూడదన్నారు. అది నిజమే, నన్ను తీసెయ్యండన్నాను. అక్కడికక్కడే తీసేశారు. నిబంధన ప్రకారం కార్యదర్శి లేనప్పుడు అధ్యక్షుడు పెట్టాలి. కాగితం లోహిత్ గారి ముందుకు జరిపారు.

ఆయన కలం తీసుకున్నారు. మూత తీశారు. నేను కళ్లు దించుకున్నాను, ఇక అయిపోయిందనుకుని. ఎంతకీ చప్పుడు లేదు.

"నిన్న మా ఆవిణ్ణి అడిగాను," అన్నారు ఆయన. "ఈ ప్రశ్నలే, వరసగా. ఇన్నేళ్ల కాపురంలో నేను ఆవిణ్ణి ఏదీ అడగలేదని నిన్ననే తెలిసింది. ఊరందరికీ నేనే ప్రశ్నలు రాసిచ్చాను. ఆవిడ చెప్పిన జవాబులు మీకు చెప్పను, అవి ఆవిడవి. ఒక్కటి మాత్రం చెబుతాను. ఆవిడ సంతోషంగా ఉందనుకుంటూ ఉన్నాను. ఎందుకు అనుకున్నానో తెలుసా? రేఖలో అలా ఉంది."

కలం మూత పెట్టారు. కాగితం మడిచి జేబులో వేసుకున్నారు.

"నేను పెట్టను. నన్నూ తీసెయ్యండి."

ఆయన వేదిక దిగి వచ్చేటప్పుడు పక్కకు తూలితే యాకోబు పట్టుకున్నాడు. హాల్లో ఎవరూ అరవలేదు. అంత పెద్దాయన ఏడుస్తుంటే ఎలా చూడాలో ఎవరికీ తెలియలేదు.

మంగళవారం

నిన్న మండలి నుంచి ఎవరూ రాలేదు. మస్తాన్ తానే రిజ్వానాను తీసుకెళ్లాడు. కొత్త ఉత్తరువు లేదు కాబట్టి నర్సు పాత పట్టీ తీసేసి, పుండుకు మందు రాసి పంపించింది. ఇవాళ వెళ్తే నిద్రపోతోంది. తీసినప్పటి నుంచి పడుకునే ఉందట. మస్తాన్ గుమ్మంలో కూర్చుని, వచ్చినవాళ్లందరినీ నోటి మీద వేలు పెట్టి పంపేస్తున్నాడు. నన్నూ పంపేశాడు.

కొత్త కార్యదర్శిని ఎన్నుకోవాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి. ఈలోపు మండలి ఏం చేస్తుందో తెలియదు. వైదేహి గారు చెప్పినట్టు సొంత గీత గీసుకుంటుందేమో. ఆవిడే పొద్దున మా ఇంటికి వచ్చి, గడప గడపకూ తిరిగేటప్పుడు తననూ తీసుకెళ్లమని అడిగారు. వలల ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్లింది కూడా ఆవిడే.

గురువారం

మధ్యాహ్నం అన్నం తిని గిన్నెలు కడుగుతుంటే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. ఆరోగ్య మండలి డాక్టరు ఉజ్వల. రిజ్వానాకు పట్టీలు రాసింది ఆవిడే. ఊళ్లో ఎవరికి రాసినా ఆవిడే. ముప్పై అయిదేళ్లు ఉంటాయేమో. గట్టిగా మాట్లాడే మనిషని పేరు.

పోట్లాడటానికి వచ్చిందనుకున్నాను. తడి చేతులతోనే నిలబడి, రేఖ మీద మాట్లాడాలంటే ఇప్పుడు పరిషత్తులో నాకు ఏ పదవీ లేదని చెప్పాను.

"తెలుసండీ," అంది. "లోపలికి రావచ్చా?"

కుర్చీ చూపించాను. కూర్చుంది. ఆవిడ చెవిలో తోడు లేదని అప్పుడు గమనించాను. ఆ తర్వాత పొడుగు చేతుల జాకెట్టు ఎడమ చెయ్యి భుజం దాకా మడిచింది.

జబ్బ మీద చోటు లేదు. నలుచదరపు మచ్చలు, ఒకదాని పక్కన ఒకటి. కొన్ని పాతబడి తెల్లగా, కొన్ని ఇంకా ఎర్రగా. భుజం కిందనే పట్టీ ఒకటి అంటుకునే ఉంది.

"చదువుకునే రోజుల్నించీ," అంది. "నాకు నేనే రాసుకుంటున్నానండీ. ఎవరూ చెప్పలేదు. రేఖ చూసి, నాలో ఏదో లోపం ఉందనుకున్నాను. రిజ్వానా చెప్పిందంతా వింటూ, అది నా మాటే అని తెలుస్తూనే ఆమెకి మూడోది వేశాను."

ఎన్ని మచ్చలు. గట్టుకు ఆ పక్క నీళ్ల చప్పుడు ఇక్కడి దాకా వినబడుతోంది.

ఆమె తల ఎత్తి, "నన్ను అడుగుతారా?" అంది.

చేతులు తుడుచుకున్నాను. ముందు ఆ పట్టీ తీయనా అని అడిగాను. సరేనంది. అది అంటుకుపోయి ఉంది. గోరువెచ్చని నీళ్లతో తడిపి, నెమ్మదిగా లాగాను. ఆమె కళ్లు మూసుకుంది. అంతా ఊడి వచ్చాక ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి ప్రశ్న అడిగాను.